పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్‌వేర్ గొడవలు: ఎస్పీ రోడ్డుకి పరిగెత్తే ముందు ఇంట్లోనే పట్టుకోవడం ఎలా

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం, కేఆర్ పురం పీజీల్లో ఉండే మనోళ్లలో చాలామంది దగ్గర రెండు ల్యాప్‌టాప్‌లు ఉంటాయి. ఒకటి కంపెనీది, దాంట్లో ఏం ముట్టుకున్నా ఐటీ వాళ్లు ఊరుకోరు. రెండోది బీటెక్‌లో ఉన్నప్పుడు నాన్న కొనిచ్చింది, పారేయడానికి మనసు రాదు, వాడదామంటే ఓపిక ఉండదు. సరేలే అని ఒక ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ, కుదిరితే కొత్త వై-ఫై కార్డు వేస్తాం, అక్కణ్నుంచి మొదలవుతాయి గొడవలు. బ్లూటూత్ వస్తే వై-ఫై పోతుంది, స్లీప్‌లోంచి లేపితే స్క్రీన్ రాదు, టచ్‌ప్యాడ్ దానంతటదే గెంతుతుంది. కంప్యూటర్ పార్ట్‌లు, రిపేర్లు దొరికే ఎస్పీ రోడ్డుకి తీసుకెళ్తే షాపు వాడేమో చూసీ చూడగానే "మదర్‌బోర్డు పోయింది సార్" అంటాడు. చాలాసార్లు బోర్డుకి ఏం అయ్యుండదు.

ఇది సుమారు 2011 నుంచి 2017 మధ్యలో వచ్చిన ల్యాప్‌టాప్‌ల కోసం, విండోస్ 10 లేదా 11 ఉన్నవాటికి. పద్ధతి ఒక్కటే: కొత్తవి కలుపుతూ పోవడం కాదు, ఉన్నవి ఒక్కోటి తీస్తూ పోవడం, ఒకసారికి ఒక్కటే మార్చడం. ర్యామ్ మార్చి, డ్రైవర్ (పార్ట్‌ని విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) మార్చి, బయోస్ (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, అన్నీ ఒకే రాత్రి కానిచ్చేస్తే పొద్దునకి బాగైనా ఎందుకు బాగైందో తెలీదు, వారం తర్వాత మళ్లీ వస్తే మళ్లీ మొదటికే.

ముందు "కాన్‌ఫ్లిక్ట్" అంటే ఏంటో

పాత రోజుల్లో దీనికి ఒకటే అర్థం. కంప్యూటర్‌లో 0 నుంచి 15 దాకా పదహారు ఐఆర్‌క్యూ లైన్లు ఉండేవి, ఏ పార్ట్‌కైనా ప్రాసెసర్‌ని పిలవాలంటే ఈ లైన్ మీదే పిలవాలి. 1 కీబోర్డుది, 12 మౌస్‌ది, 14, 15 హార్డ్‌డిస్కులవి. సౌండ్ కార్డు, మోడెమ్ రెండూ 5 మీద కూర్చుంటే పీజీలో ఒక్క బాత్రూమ్‌కి ఇద్దరు ఒకేసారి తలుపు కొట్టినట్టే, ఇద్దరికీ పని జరగదు. అప్పట్లో కార్డు మీద జంపర్లు పీకి మార్చుకునేవాళ్లు.

ఇప్పుడు ఆ గొడవ దాదాపు లేదు. పీసీఐ అనే కొత్త రకం కనెక్షన్ వచ్చాక ఒకే లైన్‌ని ఇద్దరు ముగ్గురు పంచుకోవచ్చు, తర్వాత ఈ పిలుపుల్ని చూసుకోవడానికి వచ్చిన ఏపీఐసీతో లైన్లు కూడా పెరిగాయి. అందుకే స్టార్ట్‌లో "సిస్టమ్ ఇన్ఫర్మేషన్" అని కొట్టి, హార్డ్‌వేర్ రిసోర్సెస్ కింద "కాన్‌ఫ్లిక్ట్స్/షేరింగ్" తెరిస్తే పెద్ద లిస్టు కనబడుతుంది, దాన్ని చూసి భయపడొద్దు, అందులో ముప్పాతిక షేరింగే, తప్పేం లేదు. కొత్తవాళ్లు ఎక్కువ టైమ్ వేస్ట్ చేసేది ఇక్కడే.

ఈ కాలంలో నిజంగా జరిగే గొడవలు వేరు. ఒకే పార్ట్ కోసం రెండు డ్రైవర్లు కొట్టుకుంటాయి, ఒకే రేడియో బ్యాండ్‌లో రెండు వైర్‌లెస్‌లు కొట్టుకుంటాయి, జతకాని రెండు ర్యామ్‌లు పక్కపక్కన కూర్చుంటాయి, క్లోన్ చేసిన రెండు డిస్కులకి ఒకటే ఐడీ ఉంటుంది, లేదా కొత్త పార్ట్‌ని పాత బయోస్ ఒప్పుకోదు. కింద చెప్పేదంతా వీటి గురించే.

మొదలుపెట్టే ముందు

డేటా బ్యాకప్, అది చెప్పక్కర్లేదు కదా. చెప్పాల్సింది బిట్‌లాకర్ గురించి, అంటే డిస్కులో డేటాకి విండోస్ వేసే తాళం. బయోస్‌లో ఏదో ఒక సెట్టింగ్ మార్చి బూట్ చేస్తే కొన్ని ల్యాప్‌టాప్‌లు 48 అంకెల రికవరీ కీ అడుగుతాయి, అది లేకపోతే డేటా పోయినట్టే. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో లాగిన్ అయ్యి ఆ కీ ఉందేమో చూసి ఫోన్‌లోనో పేపర్ మీదో పెట్టుకోండి, అదే ల్యాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసుకుంటే ఏం లాభం.

తర్వాత ల్యాప్‌టాప్‌ని టేబుల్ మీద పెట్టి పక్కనుంచి చూడండి. అడుగు సమంగా ఆనకుండా ఊగుతుందా, టచ్‌ప్యాడ్ పైకి లేచిందా, క్లిక్ గట్టిగా అయిందా? అలా ఉంటే లోపల బ్యాటరీ ఉబ్బింది. టచ్‌ప్యాడ్ దానంతటదే క్లిక్ అవ్వడానికి ఇది చాలా మామూలు కారణం, మనమేమో డ్రైవర్ డ్రైవర్ అని తిరుగుతుంటాం. ఉబ్బిన బ్యాటరీని నొక్కొద్దు, పొడవొద్దు, ఛార్జింగ్ ఆపేసి ముందు దాన్ని తీయించండి. మిగతాదంతా తర్వాత.

స్టెప్ 1: ఎప్పుడు వస్తుందో రాసుకోండి

పేపర్ మీద నాలుగు ప్రశ్నలు. ఛార్జర్ పెట్టినప్పుడు వస్తుందా, బ్యాటరీ మీద కూడానా? ఆన్ చేయగానేనా, వేడెక్కాకనా? స్లీప్ నుంచి లేపినప్పుడేనా? ఈ మధ్య ఏం మారింది, అంటే పార్ట్ గానీ, అప్‌డేట్ గానీ, కొత్త సాఫ్ట్‌వేర్ గానీ?

ఆఖరి ప్రశ్నకి జవాబు గుర్తు లేకపోతే స్టార్ట్‌లో "రిలయబిలిటీ" అని టైప్ చేసి "వ్యూ రిలయబిలిటీ హిస్టరీ" తెరవండి. రోజువారీగా ఏ డ్రైవర్ ఎప్పుడు పడింది, ఏది ఎప్పుడు క్రాష్ అయింది, మొత్తం క్యాలెండర్‌లా చూపిస్తుంది. విండోస్‌లో ఇంత పనికొచ్చే స్క్రీన్‌ని ఎందుకు ఇంత లోపల దాచారో నాకైతే అర్థం కాదు.

ఛార్జర్ ప్రశ్న పీజీల్లో ఉండేవాళ్లకి మరీ ముఖ్యం. చాలా రూముల్లో ప్లగ్గుకి ఎర్తింగ్ సరిగ్గా ఉండదు, లేదా మనమే త్రీ పిన్‌ని టూ పిన్ కన్వర్టర్‌లో పెట్టి గుచ్చుతాం. అప్పుడు ఛార్జర్ నుంచి వచ్చే లీకేజీ కరెంటుకి పోయే దారి ఉండదు, మెటల్ బాడీ ముట్టుకుంటే జిల్లుమంటుంది, టచ్‌ప్యాడ్ పిచ్చిగా గెంతుతుంది, హెడ్‌ఫోన్‌లో "గుయ్" అని హమ్ వస్తుంది. ఛార్జర్ పీకేయగానే అన్నీ మామూలైపోతే అది హార్డ్‌వేర్ గొడవ కాదు, గోడ గొడవ. ఎర్తింగ్ బాగున్న ఇంకో చోట, ఆఫీసులో గానీ ఫ్రెండ్ ఇంట్లో గానీ, అదే ఛార్జర్ పెట్టి చూస్తే తేలిపోతుంది. అక్కడ కూడా అలాగే ఉంటే ఛార్జర్ డూప్లికేట్‌దో, పాడైందో.

స్టెప్ 2: పూర్తిగా కరెంటు తీసేయడం

షట్‌డౌన్ చేశాం కదా అనుకుంటాం గానీ, ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ నిజంగా షట్‌డౌన్ అవ్వదు, కెర్నల్‌ని, అంటే తన అసలు గుండెకాయని, డిస్కులో దాచిపెట్టి పడుకుంటుంది, మళ్లీ ఆన్ చేస్తే అదే పాత తలనొప్పితో లేస్తుంది. రీస్టార్ట్ కొడితేనే కొత్తగా మొదలవుతుంది. అందుకే కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, "చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ"లోకెళ్లి ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. ఎస్‌ఎస్‌డీ ఉంటే బూట్ టైమ్‌లో పెద్ద తేడా కూడా తెలీదు, కాబట్టి దాన్ని మళ్లీ పెట్టుకోవాల్సిన పని లేదు.

తర్వాత షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, బ్యాటరీ బయటికొచ్చే మోడల్ అయితే అదీ తీసి, పవర్ బటన్ని ఒక అర నిమిషం నొక్కి పట్టుకోండి. పెన్‌డ్రైవ్, డాంగిల్, మెమరీ కార్డు, హెచ్‌డీఎంఐ కేబుల్ ఏవీ ఉండకూడదు. మళ్లీ అన్నీ పెట్టకుండా ఒట్టి ల్యాప్‌టాప్‌ని ఆన్ చేయండి. కనబడకుండా పోయిన వెబ్‌క్యామ్, వై-ఫై కార్డు లాంటివి దీనితోనే తిరిగి రావడం మామూలే.

స్టెప్ 3: డివైస్ మేనేజర్ ఏం అంటుందో చదవడం

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు త్రికోణం ఉన్న ప్రతిదాని మీద డబుల్ క్లిక్ చేస్తే "డివైస్ స్టేటస్"లో ఒక కోడ్ ఉంటుంది. అందరూ త్రికోణం చూసి వెంటనే అన్‌ఇన్‌స్టాల్ కొడతారు, ఆగండి, ముందు కోడ్ చదవండి, ఒక్కో కోడ్‌కి మందు వేరు.

కోడ్ 28 అంటే డ్రైవరే లేదు, ఇది గొడవే కాదు, డ్రైవర్ వేస్తే అయిపోతుంది. కోడ్ 22 అంటే ఎవరో డిసేబుల్ చేశారు, ఎనేబుల్ కొట్టండి. కోడ్ 10 అంటే డివైస్ స్టార్ట్ అవ్వలేకపోయింది, ఎక్కువగా తప్పు డ్రైవర్ వల్లే. కోడ్ 39 అంటే డ్రైవర్ ఫైల్ పాడైంది లేదా కనబడట్లేదు. కోడ్ 43 అంటే డివైసే "నాకు బాలేదు" అని చెప్పుకుంది, విండోస్ దాన్ని ఆపేసింది. యూఎస్‌బీ వాటికి ఇది తరచుగా వస్తుంది, అప్పుడు వేరే పోర్ట్‌లో, హబ్ లేకుండా నేరుగా పెట్టి చూడండి. పాత యూఎస్‌బీ 2.0 పోర్ట్ 500 మిల్లీఆంప్స్ ఇస్తుంది, 3.0 పోర్ట్ 900 ఇస్తుంది. ఒక్క పోర్ట్ మీద హబ్ పెట్టి దానికి హార్డ్‌డిస్క్, కీబోర్డు, ఫోన్ అన్నీ తగిలిస్తే అవి ఏం తిని బతకాలి.

కోడ్ 12, ఇదొక్కటే పాత అర్థంలో అసలు సిసలు కాన్‌ఫ్లిక్ట్, అంటే డివైస్‌కి కావాల్సిన మెమరీ రేంజ్ గానీ లైన్ గానీ ఖాళీగా లేదు. ఎక్స్‌టర్నల్ గ్రాఫిక్స్ డాక్‌లు, ఎక్స్‌ప్రెస్‌కార్డులు పెట్టేవాళ్లకి వస్తుంది. అదే డివైస్ ప్రాపర్టీస్‌లో "రిసోర్సెస్" ట్యాబ్‌లోకెళ్తే కింద "కాన్‌ఫ్లిక్టింగ్ డివైస్ లిస్ట్"లో ఎవరితో గొడవో పేరు ఉంటుంది. ఆ రెండోది మీకు అవసరం లేనిదైతే, కార్డ్ రీడరో, పాత మోడెమో, దాన్ని బయోస్‌లోనే డిసేబుల్ చేయండి. 32 బిట్ విండోస్ ఉన్నవాళ్లకి ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే మొత్తం 4 జీబీ అడ్రస్‌లలోనే ర్యామూ సర్దుకోవాలి, డివైస్‌లూ సర్దుకోవాలి. 4 జీబీ ర్యామ్ వేస్తే మూడు చిల్లర మాత్రమే కనబడటానికి కారణం కూడా ఇదే. 64 బిట్‌కి మారిపోండి.

ఇంకో పని, "వ్యూ" మెనూలో "షో హిడెన్ డివైసెస్" పెట్టండి. వెలిసిపోయినట్టు బూడిద రంగులో కనబడేవన్నీ ఇప్పుడు తగిలించి లేని పార్ట్‌ల పాత ఎంట్రీలు. తీసేసిన వై-ఫై కార్డు, పాత బ్లూటూత్ డాంగిల్, ఇలాంటివి మీరు గుర్తుపట్టినవి అన్‌ఇన్‌స్టాల్ చేయొచ్చు. "సిస్టమ్ డివైసెస్", "సాఫ్ట్‌వేర్ డివైసెస్" కింద ఉన్నవాటి జోలికి మాత్రం పోవద్దు.

ఎంబెడెడ్ కోర్సులు చేస్తున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. బోర్డు పెట్టినప్పుడల్లా కామ్ పోర్ట్ నంబర్ పెరుగుతూ 20 దాటిపోయి, మీ పాత సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తుపట్టట్లేదా? ఆ వెలిసిపోయిన పోర్టులన్నీ తీసేయండి, తర్వాత పోర్ట్ సెట్టింగ్స్‌లో "అడ్వాన్స్‌డ్"లో 3 గానీ 4 గానీ ఇచ్చుకోండి. "ఇన్ యూజ్" అని చూపించినా, ఆ నంబర్ వాడే డివైస్ నిజంగా ఏదీ లేదని తెలిస్తే ధైర్యంగా ఇచ్చేయొచ్చు.

స్టెప్ 4: లైవ్ పెన్‌డ్రైవ్ పరీక్ష

నన్నడిగితే ఈ మొత్తంలో అన్నిటికంటే విలువైన స్టెప్ ఇదే, జనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే. ప్రశ్న ఒక్కటి: తప్పు పార్ట్‌దా, విండోస్‌దా? దానికి జవాబు విండోస్ లోపల కూర్చుని దొరకదు, ఎందుకంటే విండోసే ముద్దాయి.

ఒక 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని, రూఫస్ అనే ఉచిత టూల్‌తో లైనక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లు) అందులో ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, చూసుకోండి. ల్యాప్‌టాప్ ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూ కీ, బ్రాండ్‌ని బట్టి ఎఫ్12, ఎఫ్9 లేదా ఎస్కేప్ ఉంటుంది, అది నొక్కి పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. ఇన్‌స్టాల్ చేయకుండా "ట్రై" మోడ్‌లోనే ఉండండి, మీ డిస్కుని ముట్టుకోకపోతే విండోస్‌కి ఏం కాదు.

ఇప్పుడు ఇబ్బంది పెట్టే పని అక్కడ చేయండి. వై-ఫై పోతుందా, వై-ఫై మీద గంటసేపు వీడియో పెట్టండి. టచ్‌ప్యాడ్ గెంతుతుందా, అక్కడ చూడండి. స్లీప్ సమస్యా, మూత మూసి తెరవండి. అక్కడ గంటల తరబడి బాగా నడిస్తే మీ పార్ట్ దాదాపు మంచిదే, తప్పు విండోస్ డ్రైవర్లలో ఉంది, స్టెప్ 5కి వెళ్లండి. అక్కడా అదే గొడవ వస్తే పార్ట్, కనెక్టర్, బయోస్ వైపు చూడాలి, స్టెప్ 6.

ఒక మెలిక ఉంది. బ్రాడ్‌కామ్ వై-ఫై కార్డులు చాలావాటికి లైనక్స్‌లో డ్రైవర్ ముందే ఉండదు, విడిగా వేయాలి. కాబట్టి లైవ్‌లో వై-ఫై అసలు కనబడకపోతే కార్డు చచ్చిపోయిందని తీర్పు ఇవ్వకండి. కాసేపు వచ్చి తెగిపోతే అది వేరే సంగతి. అలాగే కొన్ని ల్యాప్‌టాప్‌లు లైనక్స్‌లో స్లీప్‌తో మామూలుగానే పేచీ పెడతాయి, ఆ ఒక్క పరీక్షని మరీ గట్టిగా నమ్మొద్దు.

స్టెప్ 5: డ్రైవర్ల పంచాయితీ

ముందే ఒక మాట, "డ్రైవర్ అప్‌డేటర్" పేరుతో వచ్చే సాఫ్ట్‌వేర్‌లు ఏవీ వద్దు. ఫ్రీ అంటాయి, స్కాన్ చేసి పాతిక డ్రైవర్లు పాతబడ్డాయని ఎర్ర అక్షరాల్లో భయపెడతాయి, డబ్బులు అడుగుతాయి, కట్టినా మీ మోడల్‌కి సరిపోని డ్రైవర్ వేస్తాయి. పాత ల్యాప్‌టాప్‌కి కొత్త డ్రైవర్ కంటే సరైన డ్రైవర్ ముఖ్యం.

సరైనది ఏదో తెలుసుకోవాలంటే హార్డ్‌వేర్ ఐడీ చూడాలి. డివైస్ ప్రాపర్టీస్, "డీటెయిల్స్" ట్యాబ్, పైన లిస్టులో "హార్డ్‌వేర్ ఐడీస్". అందులో వెండర్ నంబర్, డివైస్ నంబర్ ఉంటాయి. వెండర్ దగ్గర 8086 ఉంటే ఇంటెల్, 10డీఈ ఉంటే ఎన్విడియా, 1002 ఉంటే ఏఎమ్‌డీ, 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 14ఈ4 ఉంటే బ్రాడ్‌కామ్. "అన్‌నోన్ డివైస్" అని ఉన్నా ఈ నంబర్‌తో దాని జాతకం బయటికొస్తుంది. దాన్ని ఫోటో తీసుకోండి, షాపుకెళ్లినా పనికొస్తుంది. డ్రైవర్ కోసం ముందు ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీ, అక్కడ లేకపోతే చిప్ కంపెనీ సైట్, ఆ రెండూ తప్ప మూడోది వద్దు.

నిన్నటిదాకా బాగుండి అప్‌డేట్ తర్వాత పోతే, డ్రైవర్ ట్యాబ్‌లో "రోల్ బ్యాక్ డ్రైవర్" కొట్టండి. అది బూడిద రంగులో ఉంటే డివైస్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ని కూడా తొలగించే టిక్ పెట్టి తీసేసి, సైట్ నుంచి తెచ్చుకున్నది వేయండి. ఈ పని చేసేంతసేపు ఇంటర్నెట్ ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే మీరు తీసేలోపు విండోస్ అప్‌డేట్ మళ్లీ అదే డ్రైవర్‌ని తెచ్చి పెట్టేస్తుంది.

రెండు గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో, అంటే ఇంటెల్‌తో పాటు ఎన్విడియా లేదా ఏఎమ్‌డీ ఉన్నవాటిలో, ఈ పంచాయితీ మరీ ఎక్కువ. రెండు డ్రైవర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి, ఒకటి 2014ది, ఇంకోటి అప్‌డేట్‌లో వచ్చిన కొత్తది అయితే కుదరదు, బ్లాక్ స్క్రీన్లు వస్తాయి. ముందు చిన్న పరీక్ష: డివైస్ మేనేజర్‌లో ఎన్విడియా లేదా ఏఎమ్‌డీ కార్డుని మాత్రం డిసేబుల్ చేసి రెండు మూడు రోజులు మామూలుగా వాడండి. క్రాష్‌లు ఆగిపోతే దొంగ దొరికినట్టే. కోడింగ్, బ్రౌజింగ్ తప్ప ఇంకేం చేయనివాళ్లు దాన్ని అలాగే వదిలేయొచ్చు, బ్యాటరీ కూడా ఎక్కువ వస్తుంది. గేమ్స్ కావాలంటే సేఫ్ మోడ్‌లో డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే టూల్‌తో రెండిటినీ శుభ్రంగా తీసి, ముందు ఇంటెల్‌ది, తర్వాత రెండోది, ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన వెర్షన్లే వేయండి.

విండోస్ 11 గురించి. దానికి అధికారికంగా టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ జనరేషన్ నుంచే ఒప్పుకుంటుంది. మన పాత వాటిలో బలవంతంగా ఎక్కించినవాళ్లు చాలామంది ఉన్నారు, నడుస్తుంది కూడా, కానీ టచ్‌ప్యాడ్, హాట్‌కీలు, కార్డ్ రీడర్ లాంటివాటికి కంపెనీ డ్రైవర్ ఇవ్వదు, దొరికినవి సర్దుకోవాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మీ వాడకం బ్రౌజర్, వీడియోలు, కొంచెం కోడింగ్ అయితే స్టెప్ 4లో బాగా నడిచిన ఆ మింట్‌నే ఇన్‌స్టాల్ చేసేయడం మంచిదని నా అభిప్రాయం.

స్టెప్ 6: మూత తీశాక

ఛార్జర్ తీసి, లోపలికెళ్లగానే ముందు బ్యాటరీ కనెక్టర్ పీకాలి, తర్వాతే ఏదైనా. స్క్రూలు ఏది ఎక్కడిదో పేపర్ మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి అక్కడే పెట్టుకోండి, పొడుగు స్క్రూ పొట్టి చోట బిగిస్తే పామ్‌రెస్ట్‌లోంచి పొడుచుకొస్తుంది.

ర్యామ్ దగ్గర మొదలుపెట్టండి. ఈ కాలం ల్యాప్‌టాప్‌లలో పెద్ద బోల్తా డీడీఆర్3, డీడీఆర్3ఎల్ మధ్య. మొదటిది 1.5 వోల్టులు, రెండోది 1.35. రెండిటికీ 204 పిన్నులే, గాడి ఒకే చోట, అందుకే ఏదైనా స్లాట్‌లో కూర్చుంటుంది. కానీ ఇంటెల్ 4వ జనరేషన్ యూ సిరీస్ నుంచి వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లకి 1.35దే కావాలి, 1.5ది వేస్తే ఆన్ అవ్వకపోవచ్చు, అయినా నమ్మకంగా నడవదు. స్టిక్ మీద స్టిక్కర్ చూడండి, "పీసీ3ఎల్" అని ఉండాలి, ఆ చివరి "ఎల్" లేకపోతే వద్దు. డీడీఆర్4కి 260 పిన్నులు, గాడి వేరే చోట, అది ఎలాగూ దూరదు, బలవంతం చేయకండి.

పరీక్ష ఇలా: ఒకే స్టిక్, మొదటి స్లాట్. తర్వాత అదే స్టిక్, రెండో స్లాట్. తర్వాత రెండో స్టిక్‌తో ఇదే. ప్రతిసారీ మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష టూల్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో రాత్రంతా వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ జత ఫెయిలే, "ఒక్కటే కదా" అని సర్దుకుపోవద్దు, ఆ ఒక్కటే రేపు మీ ఫైల్‌ని పాడు చేస్తుంది. రెండూ విడివిడిగా పాసై కలిపితే ఫెయిల్ అయితే, అవి రెండూ జతకావు, అంతే, ఒకే మోడల్‌వి రెండు కొనాలి. బంగారు పిన్నుల్ని రబ్బరుతో రుద్దడం మనూరి షాపుల్లో అందరూ చేసేదే, పనిచేస్తుంది కానీ పొడి స్లాట్‌లో పడుతుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి గుడ్డ ఉంటే అదే మేలు.

వై-ఫై కార్డు మార్చి గొడవ తెచ్చుకున్నవాళ్లు మూడు చూడాలి. ఒకటి, కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో ఒప్పుకున్న కార్డుల లిస్టు ఉంటుంది, అందులో లేని కార్డు వేస్తే ఆన్ చేయగానే అనుమతి లేని నెట్‌వర్క్ కార్డు ఉందని చెప్పి ఆగిపోతుంది. అది కార్డు తప్పు కాదు, ఆ లిస్టులో ఉన్నది వెతుక్కోవాల్సిందే. రెండు, ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్201 చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, పాత వాటిలో ఎమ్.2 స్లాట్ ఉంటే ఏఎక్స్200 పనిచేస్తుంది, 201 పనిచేయదు, ఎందుకంటే దాని సగం పని ప్రాసెసర్ వైపు చిప్‌సెట్‌లో ఉండాలి, పాత వాటిలో అది లేదు. మూడు, కార్డులో వై-ఫై పీసీఐ లైన్ మీద, బ్లూటూత్ యూఎస్‌బీ లైన్ మీద నడుస్తాయి. అందుకే ఒకటి వచ్చి ఇంకోటి రాకపోవడం వింతేం కాదు.

లోపలి బ్లూటూత్ ఉండగానే యూఎస్‌బీ బ్లూటూత్ డాంగిల్ కూడా పెడితే రెండోది కోడ్ 10 అంటుంది. విండోస్ ఒకసారికి ఒక్క బ్లూటూత్ రేడియోనే నడుపుతుంది. లోపలిదాన్ని డిసేబుల్ చేసి, రీస్టార్ట్ చేసి, అప్పుడు డాంగిల్ పెట్టండి.

ఇది కాక గాల్లో గొడవ ఒకటుంది. బ్లూటూత్, వైర్‌లెస్ మౌస్ డాంగిల్, పాత వై-ఫై, అన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే. యూఎస్‌బీ 3.0 కేబుల్స్, డిస్కులు కూడా అదే బ్యాండ్‌లో చప్పుడు చేస్తాయి, దీని మీద ఇంటెల్ 2012లోనే ఒక పేపర్ విడుదల చేసింది. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పెట్టగానే మౌస్ ఈడ్చుకుంటూ నడిస్తే ఇదే. మౌస్ డాంగిల్‌ని రెండో వైపు 2.0 పోర్ట్‌కి మార్చండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా జరపండి. వై-ఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి, ఒక్కో ఫ్లోర్‌కి నాలుగు రౌటర్లు ఉన్న పీజీలో 2.4లో ఎలాగూ ఊపిరాడదు.

డిస్కుల దగ్గర ఎక్కువగా వచ్చేది క్లోన్ గొడవ. పాత హార్డ్‌డిస్క్‌ని ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేసి, పాతదాన్ని డీవీడీ డ్రైవ్ చోట పట్టే క్యాడీ అనే ఫ్రేమ్‌లో పెడతాం, రెండిటికీ ఒకటే సిగ్నేచర్, అంటే డిస్క్ ఐడీ, ఉంటుంది కాబట్టి విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో "సిగ్నేచర్ కొలిజన్" అని రాసి ఉంటుంది. బూట్ అయ్యింది ఎస్‌ఎస్‌డీ నుంచేనని నిర్ధారించుకున్నాక, పాతదాని మీద రైట్ క్లిక్ కొట్టి "ఆన్‌లైన్" చేయండి, దానికి కొత్త సిగ్నేచర్ పడుతుంది. క్యాడీ కొనే ముందు డీవీడీ డ్రైవ్ మందం కొలవండి, 9.5 మిల్లీమీటర్లా, 12.7నా అని. ఎస్‌ఎస్‌డీ అసలు హార్డ్‌డిస్క్ చోటే ఉండాలి, క్యాడీలో పాతది.

బయోస్‌లో డిస్క్ మోడ్, అంటే డిస్కుతో బోర్డు మాట్లాడే పద్ధతి, ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కో, అటు నుంచి ఇటో మారితే "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని నీలం స్క్రీన్ వస్తుంది. కంగారొద్దు, పాత మోడ్ పెడితే మళ్లీ బూట్ అవుతుంది. నిజంగా మార్చాలంటే ముందు సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్‌లో బయోస్‌లోకెళ్లి మోడ్ మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి బూట్ అయ్యాక టిక్ తీసేయండి. బయోస్ సెట్టింగ్స్‌నీ తేదీనీ నిలబెట్టే సీమాస్ బ్యాటరీ అయిపోయిన ల్యాప్‌టాప్‌లలో ఈ మోడ్ దానంతటదే డిఫాల్ట్‌కి పోతుంటుంది, తేదీ కూడా ఏళ్ల వెనక్కి వెళ్తుంది, అప్పుడు ఆ చిన్న బటన్ సెల్ మారిస్తే రెండూ సర్దుకుంటాయి.

బయోస్ అప్‌డేట్ ఆఖరున, అది కూడా కంపెనీ నోట్స్‌లో మీ సమస్య పేరు ఉంటేనే. ఛార్జర్ పెట్టి, బ్యాటరీలో ఛార్జ్ ఉండగా చేయండి. బ్యాటరీ పూర్తిగా పోయిన ల్యాప్‌టాప్ అయితే యూపీఎస్ ఉన్న చోట మాత్రమే. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు పట్టిందంటే బెంగళూరులో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, సగంలో పోతే అప్పుడు నిజంగానే బోర్డు పోయినట్టు.

ఎస్పీ రోడ్డుకి వెళ్లాల్సి వస్తే

లైవ్ పెన్‌డ్రైవ్‌లోనూ అదే గొడవ, ర్యామ్ పాస్, కార్డు మార్చినా అంతే, అప్పుడు షాపే. గ్రీన్ లైన్ మెట్రోలో చిక్‌పేటె గానీ కేఆర్ మార్కెట్ గానీ దిగితే నడిచిపోవచ్చు. ఆదివారం పోకండి, చాలా షాపులు మూసే ఉంటాయి. కన్నడ రాకపోయినా "అణ్ణా" అని మొదలుపెడితే సగం పని అయినట్టే, తెలుగు అర్థమయ్యేవాళ్లు కూడా తగులుతారు.

ల్యాప్‌టాప్ ఇచ్చేముందు ఎస్‌ఎస్‌డీ తీసి జేబులో వేసుకోండి, పరీక్షకి మీ లైవ్ పెన్‌డ్రైవ్ ఇవ్వండి, అది చాలు. మోడల్ నంబర్, హార్డ్‌వేర్ ఐడీ ఫోటో, పాత ర్యామ్ స్టిక్, మీరు చేసిన పరీక్షల పేపర్ చేతిలో ఉంటే "బోర్డు పోయింది" అనే మాట అంత తేలిగ్గా రాదు. పార్ట్ వేయించుకుంటే అక్కడే నిలబడి పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయించి, కనీసం ఒక అరగంట నడిపించి చూడండి. బిల్లులో పార్ట్ సీరియల్ నంబర్ రాయించుకోండి, తీసేసిన పాత పార్ట్‌ని అడిగి మరీ వెనక్కి తీసుకోండి.